పాత మారుతి జిప్సీ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇలా చూసుకోండి

"అన్నా, జిప్సీ ఒకటి దొరికింది. కొనమంటారా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ప్రశ్నతో పాటు ఫోటోలూ పంపిస్తారు. పెద్ద మడ్ టైర్లు, ముందు బుల్ బార్, పైన లైట్ల వరస, మెరిసే కొత్త పెయింట్. బండి కిందకి దూరి తీసిన ఫోటో మాత్రం ఒక్కటీ ఉండదు. జిప్సీ బాగుందో లేదో చెప్పేది ఆ కింది ఫోటోనే. అందరికీ విడివిడిగా రాసే జవాబునే ఇక్కడ ఒకచోట వరసగా పెడుతున్నాను.

జిప్సీ కొనబోతున్నామంటే మనసు నిలవదు, అది సహజమే. దాదాపు టన్ను బరువే ఉన్న బండి, నాలుగు చక్రాల పట్టు (ఫోర్ వీల్), వేగం తగ్గించి లాగే బలం పెంచే లో గేర్. బరువైన పెద్ద ఎస్‌యూవీలు దిగబడిపోయే ఇసుకలో, బురదలో ఇది తేలికగా దాటేస్తుంది. చిన్నప్పటి నుంచి పోలీసు ఎస్కార్ట్‌లో, సైన్యంలో, అడవి సఫారీల్లో చూసిన బండి మన ఇంటి ముందు నిలబడుతుందంటే ఆ సంతోషమే వేరు. అది తగ్గించుకోమని నేను చెప్పను. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా డబ్బు మాత్రం జేబులోంచి తీయకండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

జిప్సీలు, పాత జీపులు విప్పి బిగించిన మెకానిక్ ఒకరు. రోజూ చిన్న కార్లకు సర్వీస్ చేసే అబ్బాయి ఎంత మంచివాడైనా ఈ పనికి సరిపోడు. హైదరాబాద్ వాళ్లు రాణిగంజ్ వైపు, విజయవాడ, విశాఖ వాళ్లు ఆటోనగర్‌లలో అడిగితే అలాంటివాళ్లు దొరుకుతారు. ఆయనకు రోజు కూలీ, పెట్రోల్ ఖర్చు ఇచ్చి వెంట తీసుకెళ్లండి. మీరు పెట్టే ఖర్చులో అన్నిటికన్నా లాభసాటి ఖర్చు ఇదే.

మంచి టార్చ్, చిన్న అయస్కాంతం, చిన్న సుత్తి లేదా బరువైన స్క్రూడ్రైవర్, జాకీ, బండి కింద పెట్టడానికి స్టాండ్, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు, పాత గుడ్డ, పడుకోవడానికి గోనెసంచి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ మెకానిక్ దగ్గర ఉంటుంది, తెమ్మనండి. మాసినా పర్వాలేదనిపించే బట్టలు వేసుకెళ్లండి, ఎందుకంటే సగం సమయం బండి కిందే గడుస్తుంది.

1. మీ పని ఏమిటో తేల్చుకోండి

రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి, పిల్లలను బడిలో దించడానికి అయితే జిప్సీ వద్దు. ఎక్కువ జిప్సీల్లో ఏసీ ఉండదు, పవర్ స్టీరింగ్ ఉండదు, ఎయిర్‌బ్యాగులు అసలే లేవు. ముందూ వెనకా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు) కాబట్టి గుంతల్లో బాగా ఎగురుతుంది. లీటరుకు 10 కిలోమీటర్ల దగ్గర వచ్చిందంటే బాగా వచ్చినట్టే. వెనక ఎదురెదురుగా ఉండే సీట్లలో ముసలివాళ్లను కూర్చోబెట్టి దూరప్రయాణం చేయడం మంచిది కాదు.

ఇంట్లో ఇంకో కారు ఉండి, పొలానికో, ఏజెన్సీ దారులకో, వికారాబాద్ అనంతగిరి చుట్టుపక్కల మట్టిదారుల్లో ఆదివారం తిరగడానికో అయితే ఇంతకంటే మంచి బండి ఈ సైజులో దొరకదు. ఇంట్లో ఉండేది ఇదొక్కటే అయితే వాడిన మారుతి జిమ్నీ చూడండి. 2023లో మన దగ్గర అమ్మకానికి వచ్చింది, ఏసీ, ఎయిర్‌బ్యాగులు, లో గేర్ అన్నీ ఉన్నాయి. డీజిల్ కావాలనుకుంటే 2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత మహీంద్రా థార్ ఉంది. ఈ రెండింటికీ కింది పరీక్షల్లో ఎక్కువ భాగం పనికొస్తాయి.

2. ఏ జిప్సీయో గుర్తుపట్టండి

1985లో వచ్చిన మొదటి జిప్సీకి 970 సీసీ ఇంజన్. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1298 సీసీ ఇంజన్‌తో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో అదే కింగ్‌కు కార్బొరేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి) పెట్టారు, శక్తి 80 హార్స్‌పవర్‌కు పెరిగింది. మామూలు జనానికి అమ్మకాలు 2019లో ఆగిపోయాయి.

మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా ఒక్కటే: ఎంపీఎఫ్ఐ కింగ్ తీసుకోండి. స్టార్టింగ్ గొడవ తక్కువ, సామాన్లు సులువుగా దొరుకుతాయి, రిజిస్ట్రేషన్ గడువు మిగిలి ఉన్న బండి దొరికే అవకాశం కూడా వీటిలోనే ఎక్కువ. కార్బొరేటర్ బండి చవకగా వస్తుంది. దాన్ని ట్యూన్ చేసే చెయ్యి మీ ఊళ్లో ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

3. బండి చూడకముందే కాగితాలు అడగండి

సీ బుక్ (ఆర్సీ) రెండు వైపులా, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫోటోలు వాట్సాప్‌లో పంపమనండి. పంపడానికి నసిగేవాడి దగ్గరికి వెళ్లడం టైమ్ వేస్ట్. వచ్చాక ఈ విషయాలు చూడండి.

సీ బుక్‌లో పేరున్న మనిషే అమ్ముతున్నాడా? సంతకాలు చేసిన పేరు మార్పు కాగితాలు, అంటే ఫారం 29, ఫారం 30 ఖాళీగా చేతులు మారుతూ, ముగ్గురు నలుగురి దగ్గర తిరిగిన జిప్సీలు చాలా ఉన్నాయి. మధ్యలో ఉన్నవాడు "అన్నీ సైన్ చేసి ఉన్నాయి సార్, టెన్షన్ లేదు" అంటాడు. ఆర్టీవో ఆఫీసులో సంతకం తేడా వచ్చినా, అసలు యజమాని చనిపోయి ఉన్నా ఆ టెన్షన్ మొత్తం మీదే. అసలు యజమానితో ఫోన్‌లోనైనా మాట్లాడకుండా ముందుకు పోవద్దు.

రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది? సొంత వాహనానికి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. దీనికి తోడు పాత బండ్లపై వేసే గ్రీన్ ట్యాక్స్, ఆలస్యమైతే జరిమానా. గడువు అయిపోయిన బండి అయితే ముందు అమ్మేవాడినే రెన్యువల్ చేయించమనండి, లేదా ఆ ఖర్చంతా ధరలో తగ్గించండి.

ఫైనాన్స్ ఉందా? అప్పు ఎప్పుడో తీరిపోయినా సీ బుక్‌లో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు ఇచ్చే నో అబ్జెక్షన్ లెటర్, ఫారం 35 లేకుండా పేరు మారదు. చలాన్లు కూడా ఒకసారి నంబర్ కొట్టి చూసుకోండి.

వేరే రాష్ట్రం బండా? ఢిల్లీ పరిసరాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద నిషేధం వచ్చాక అక్కడి నుంచి జిప్సీలు చవకగా మన వైపు వస్తున్నాయి. ధర చూసి ఆశపడకండి, లెక్క వేసుకోండి: అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (ఫారం 28), మన దగ్గర కట్టే లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్, తీసుకొచ్చే లారీ ఖర్చు. ఎన్ఓసీ మీ ఆర్టీవో ఆఫీసు పేరు మీదే రాసి ఉండాలి. మరో జిల్లా పేరుతో ఉంటే తిరగలేక చస్తారు. కొనే ముందే ఆ బండి వయసు చెప్పి మీ ఆర్టీవో ఆఫీసులో "దీన్ని ఇక్కడ రిజిస్టర్ చేస్తారా, ట్యాక్స్ ఎంత?" అని అడిగి రండి.

సైన్యం వేలం బండి అంటే మనవాళ్లకు మోజు ఎక్కువ. వేలంలో కొన్న రుజువు, విడుదల కాగితాలు ఉండి, ఇప్పటికే పౌర రిజిస్ట్రేషన్ అయిపోయిన బండి అయితే చూడండి. "కాగితాలు తర్వాత వస్తాయి" అంటే వదిలేయండి. పోలీసు, ఇతర ప్రభుత్వ శాఖల బండ్ల సంగతి ఇంకా కష్టం. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా పోయింది, అవి తుక్కుకే వెళ్లాలి. ఇంకో మాట: సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ రంగు సొంత బండికి వేసుకోకూడదని కేంద్ర మోటారు వాహన నియమాల్లోనే ఉంది. ఆ రంగులో ఉన్న బండి కొంటే రీపెయింట్ ఖర్చు, సీ బుక్‌లో రంగు సరిచేయించే పని మీ నెత్తిన పడతాయి.

4. తుప్పు: సగం సమయం దీనికే ఇవ్వండి

ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ కట్టించుకోవచ్చు. గేర్‌బాక్స్ దొరుకుతుంది. ఛాసిస్ (బండి అడుగు ఫ్రేమ్) తుప్పు తిన్న బండిని మాత్రం ఎంత డబ్బు పోసినా మొదటి మనిషిని చేయలేం.

బండి కడగకుండా ఉంచమని ముందే చెప్పండి. ఎండలో, పగటిపూట చూడండి. గోనెసంచి వేసుకుని కిందకి దూరి, ఛాసిస్ రెండు పట్టీలనూ ముందు నుంచి వెనకదాకా సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్న చోట శబ్దం మొద్దుబారుతుంది, పొరలు రాలతాయి. కమాన్ కట్టలు ఛాసిస్‌కు బిగించే హ్యాంగర్ల దగ్గర, వెనక చక్రాల పైన ఛాసిస్ వంపు తిరిగే చోట, బాడీ కూర్చునే రబ్బర్ మౌంట్ల చుట్టూ ఆగి ఆగి చూడండి. బురద చేరి తడి నిలిచేది ఇక్కడే. హ్యాంగర్ దగ్గర వెల్డింగ్ అతుకు కనిపిస్తే ఎందుకు వేశారో అడగండి. మెకానిక్ ముఖం చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కింద మొత్తం కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే సంతోషించకండి. తుప్పు ఆపడానికి కొడతారు, దాచడానికీ కొడతారు. స్క్రూడ్రైవర్ మొనతో రెండు మూడు చోట్ల నొక్కి చూస్తానని చెప్పి, ఒప్పుకుంటేనే ముందుకెళ్లండి.

తర్వాత బాడీ. మ్యాట్లు ఎత్తి డ్రైవర్ కాళ్ల కింద, సీట్ల కింద ఫ్లోర్ చూడండి. మ్యాట్ అతికించేసి ఉంటే ఒక మూలనైనా లేపించండి. ముందు అద్దం ఫ్రేమ్ కింది అంచు, డోర్ల అడుగు, వెనక చక్రాల వెనక మూలలు జిప్సీకి బలహీనమైన చోట్లు. అయస్కాంతం పట్టని చోట పుట్టీ ఉన్నట్టు. అక్కడక్కడ ఉంటే పాత బండికి మామూలే. ఒక పక్క మొత్తం పట్టకపోతే అది బోల్తా కొట్టిన బండి అయ్యుండొచ్చు, రెండు డోర్లూ తీసి వేసి సందులు సమానంగా ఉన్నాయో చూడండి.

బండి ఎక్కడ తిరిగిందో అడగడం మర్చిపోవద్దు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండికీ, అనంతపురం ఎండలో ఉన్న బండికీ ఒకే వయసైనా అడుగు భాగంలో చాలా తేడా ఉంటుంది. మీటర్ రీడింగ్ తక్కువ ఉన్న తీరప్రాంతం బండి కన్నా, ఎక్కువ తిరిగిన రాయలసీమ బండినే నేను ఎంచుకుంటాను.

కింద ఉన్నప్పుడే ఛాసిస్ నంబర్ చూడండి. ముందు చక్రం దగ్గర ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచి, సీ బుక్‌తో ఒక్కో అక్షరం పోల్చి, ఫోటో తీసుకోండి. నంబర్ చుట్టూ గ్రైండర్ గీతలు, వెల్డింగ్ ఉంటే అక్కడితో ఆపేయండి. ఇంజన్ నంబర్ కూడా అంతే. జిప్సీలకు వేరే కార్ల ఇంజన్లు, డీజిల్ ఇంజన్లు ఎక్కించడం చాలాకాలంగా ఉంది. సీ బుక్‌లో ఎక్కించని ఇంజన్ మార్పు ఉంటే ఫిట్‌నెస్ దగ్గరా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇరుక్కుంటారు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

5. ఇంజన్: చల్లగా ఉన్నప్పుడే

మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, గంట ఆగి చూస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడంలోనే దాని గుట్టు తెలుస్తుంది.

స్టార్ట్ చేయకముందు రేడియేటర్ మూత, ఆయిల్ మూత తీసి చూడండి. కూలెంట్‌లో నూనె తేలినా, ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు ఉన్నా హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, తగ్గకుండా వస్తుంటే రింగులు. ఎంతసేపటికీ తగ్గని తెల్లపొగ నీళ్లు కాలుతున్నట్టు. నల్లపొగ పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టు, కార్బొరేటర్ బండిలో ఇది సులువుగానే సరిచేయొచ్చు.

కంప్రెషన్ గేజ్ పెట్టించండి. నాలుగు సిలిండర్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికన్నా పది శాతానికి మించి తక్కువుంటే ఇంజన్ పని ఖర్చు ధరలోంచి తీసేయాల్సిందే.

పెట్రోల్ పైపులు చేత్తో వంచి చూడండి. పగుళ్లున్నా, వాసన వచ్చినా మార్చాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరు దాన్ని తట్టుకోదు. ఖర్చు పెద్దది కాదు గానీ, నిర్లక్ష్యం చేస్తే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

6. ఫోర్ వీల్ నిజంగా పడుతోందా?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. లివర్ మీద 2హెచ్ అంటే వెనక చక్రాలకే శక్తి, 4హెచ్ అంటే నాలుగింటికీ, 4ఎల్ అంటే నాలుగింటికీ లో గేర్‌లో. లివర్ 4హెచ్‌లోకి పడితే ఫోర్ వీల్ పనిచేస్తున్నట్టే అనుకుంటారు. లివర్ పడుతుంది, ముందు చక్రాలు మాత్రం తిరగవు. మైలేజ్ కోసం ముందు చక్రాలకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పక్కన పెట్టేసిన బండ్లు కూడా ఉన్నాయి. జిప్సీకి మూడు షాఫ్ట్‌లు ఉండాలి: గేర్‌బాక్స్ నుంచి, శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ బాక్స్‌కు చిన్నది ఒకటి, అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. ముందు అవి మూడూ ఉన్నాయో లెక్కపెట్టండి.

తర్వాత ఈ పరీక్ష చేయండి. చదునైన నేల మీద బండి ఆపి, ఇంజన్ ఆపేసి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. ముందు చక్రం ఒక్కదాన్ని జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకి దూరొద్దు.

లివర్ 2హెచ్‌లో పెట్టి లేచిన చక్రాన్ని చేత్తో తిప్పండి. చక్రం మధ్యలో తిప్పే ఫ్రీవీల్ హబ్‌లు ఉంటే, "ఫ్రీ"లో పెట్టినప్పుడు చక్రం మాత్రమే తిరగాలి. "లాక్"లో రెండు వైపుల హబ్‌లూ పెట్టి తిప్పితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా తిరగాలి. కొన్ని బండ్లకు ఈ హబ్‌లు ఉండవు, వాటికి షాఫ్ట్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు రెండు హబ్‌లూ లాక్‌లోనే ఉంచి లివర్ 4హెచ్‌లోకి వేయండి. గేర్ పళ్లు ఒకదాని సందులో ఒకటి పడాలి కాబట్టి చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ కదపాల్సి రావచ్చు. ఆ తర్వాత చక్రం తిరగకూడదు. కొద్దిపాటి ఆట (వదులు కదలిక) తప్ప గట్టిగా పట్టుకోవాలి. తిరిగిపోతుంటే హబ్ పట్టడం లేదు, లేదా లోపల యాక్సిల్ షాఫ్ట్ తెగింది, లేదా ట్రాన్స్‌ఫర్ బాక్స్‌లో లోపముంది. రెండో ముందు చక్రానికీ ఇదే చేయండి, ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.

ఇక నడిపి చూడటం. దీనికి మట్టినేల కావాలి. పొడి తారు రోడ్డు మీద 4హెచ్ వేసి మలుపులు తిప్పొద్దు. ముందు, వెనక ఇరుసుల మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ దీనికి లేదు, బండి బిగుసుకుపోయి గేర్ల మీద భారం పడుతుంది. మట్టిలో బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి 4ఎల్ వేయండి. మొదటి గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కకుండా చిన్న గట్టు ఎక్కించండి. నడక కన్నా మెల్లగా, ఆగకుండా ఎక్కుతుంది. మొదటిసారి చేసేవాళ్ల ముఖంలో నవ్వు ఆగదు, నవ్వండి, ఇందుకే కదా కొంటున్నది. ఆ నవ్వులోనే ఇంకో పని చేయండి. అదే గట్టు బ్రేక్ వేయకుండా దించండి. దిగుతుండగా లివర్ దానంతట అదే జారి బయటికొస్తే ట్రాన్స్‌ఫర్ బాక్స్ విప్పాల్సిందే. జిప్సీల్లో ఈ జబ్బు కొత్తది కాదు, చిన్న ఖర్చూ కాదు.

చివరగా ట్రాన్స్‌ఫర్ బాక్స్, ముందు, వెనక ఇరుసుల హౌసింగ్‌ల లెవెల్ బోల్టులు విప్పించి వేలు పెట్టి ఆయిల్ చూడండి. నల్లగా ఉంటే పాతది, అంతే. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. అంటే బండిని వాగుల్లో దింపి, తర్వాత ఆయిల్ మార్చలేదన్నమాట.

7. ముందు చక్రాల ఆట

ముందు చక్రం గాల్లో ఉండగానే పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. అప్పుడు ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ (చక్రం మలుపు తిరిగే పిన్) బేరింగ్. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే వచ్చే ఆట స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్‌లది.

చక్రం లోపలి వైపు గుండ్రంగా ఉండే నకిల్‌ను గుడ్డతో తుడవండి. పల్చగా గ్రీజు పూత ఉంటే సరే. నూనె, గ్రీజు కలిసి టైర్ లోపలికి కారుతుంటే ఆయిల్ సీళ్లు పోయాయి. సీళ్లు చవకే, కూలీయే ఎక్కువ.

8. రోడ్డు మీద

ఇన్సూరెన్స్ నడుస్తున్న బండినే రోడ్డు ఎక్కించండి. తారు రోడ్డు మీద 2హెచ్‌లో 60 దాకా తీసుకెళ్లి, చిన్న గతుకు మీద పోనివ్వండి. స్టీరింగ్ ఒక్కసారి వణికి ఆగితే టైర్ బ్యాలెన్సింగ్ కావచ్చు. బ్రేక్ వేసి ఆపేదాకా ముందు భాగమంతా ఊగిపోతే కింగ్‌పిన్‌లు, టై రాడ్‌లు, కమాన్ బుష్‌లు కలిసి అరిగాయి. "స్టీరింగ్ డ్యాంపర్ (వణుకు ఆపే షాక్) మారిస్తే పోతుంది సార్" అంటారు, కొత్త డ్యాంపర్ దాన్ని కొన్నాళ్లు దాస్తుందంతే. పెద్ద మడ్ టైర్లు వేసిన బండిలో ఇది మరీ ఎక్కువ. స్పీడోమీటర్ కూడా ఆ టైర్లతో తక్కువ చూపిస్తుంది.

ప్రతి గేర్‌లో యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కి చూడండి. గేర్ జారినా, కింద నుంచి టక్కుమన్నా గుర్తుపెట్టుకోండి. ట్రాన్స్‌ఫర్ బాక్స్ కూత జిప్సీకి కొంత సహజం, గీరినట్టు వచ్చే శబ్దం సహజం కాదు. అరగంట నడిపాక ఆపి, కింద అట్టముక్క పరిచి పది నిమిషాలు ఆగండి. ఎక్కడ ఎంత కారిందో అట్ట చెబుతుంది.

9. బేరం

టైర్లు, లైట్లు, విన్చ్, మ్యూజిక్ సిస్టమ్ చూపించి ధర పెంచుతారు. వాటికి విలువ కట్టకండి. బుల్ బార్ అయితే మీరే విప్పించాలి, 2017 డిసెంబర్‌లో కేంద్రం వాటిని తీయించాలని రాష్ట్రాలకు చెప్పింది.

మెకానిక్‌తో పక్కకు వెళ్లి కాగితం మీద రాయండి. సీళ్లు, బుష్‌లు, బేరింగులు, క్లచ్, పెట్రోల్ పైపులు: ఇవన్నీ ఖర్చు లెక్కేసి తగ్గించి కొనదగ్గవి. ట్రాన్స్‌ఫర్ బాక్స్, ఇంజన్ పని: బాడీ, ఛాసిస్ బాగుంటేనే ఒప్పుకోదగ్గవి. ఛాసిస్ తుప్పు, నంబర్ తేడా, యజమాని కనబడకపోవడం: ఎంత తగ్గించినా కొనకూడనివి. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నాడు" అంటే రానివ్వండి. టోకెన్ అడ్వాన్స్ ఇస్తే ఎన్ని రోజుల గడువు, కాగితాల్లో తేడా వస్తే తిరిగిస్తారా అన్నది రాయించుకుని, ఆన్‌లైన్‌లోనే పంపండి.

10. పేరు మార్పు

డబ్బు మొత్తం ఇచ్చిన రోజే ఫారం 29, 30 మీద అసలు యజమాని సంతకాలు, ఆయన ఆధార్ కాపీ, ఒరిజినల్ సీ బుక్ తీసుకుని రవాణా శాఖ సైట్‌లో స్లాట్ బుక్ చేయండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. చాలామంది దీన్నే మర్చిపోతారు, ఈలోపు ఏదైనా జరిగితే బండి డ్యామేజీ క్లెయిమ్ ఆగిపోతుంది. అమ్మే ఆయనకూ చెప్పండి: పేరు మారేదాకా ప్రమాద పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మాట చెబితే సంతకానికి ఆయనే పరిగెత్తుకొస్తాడు.

11. ఇంటికి తెచ్చిన వారంలో

కొండలెక్కే ముందు ఈ పనులు చేయించండి. ఇంజన్ ఆయిల్‌తో పాటు గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ బాక్స్, ముందు, వెనక హౌసింగ్‌లు నాలుగింట్లోనూ ఆయిల్ మార్చాలి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క, కొత్తది వేయించండి. కూలెంట్, బ్రేక్ ఆయిల్, పెట్రోల్ పైపులు కొత్తవి. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకు గ్రీజు. టైర్ పక్కన కొట్టిన తయారీ తేదీ చూడండి, చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్ల టైరుకు గాట్లు ఎంత లోతుగా ఉన్నా పడేయండి.

మొదటి 500 కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే తిప్పండి. తర్వాత మెకానిక్ దగ్గర యూ బోల్టులు, కమాన్ బోల్టులు, షాఫ్ట్ బోల్టులు ఒకసారి బిగింపించి, అన్ని ఆయిల్ లెవెళ్లు చూపించండి. నెలకొకసారైనా మట్టిలో కాసేపు 4హెచ్ వేసి నడపండి, హబ్‌లు, లివర్ పట్టేయకుండా ఉంటాయి. మొదటి ఆఫ్‌రోడ్‌కు ఒంటరిగా వెళ్లకండి. ఇంకో ఫోర్ వీల్ బండి, లాగే పట్టీ, రెండు షాకిల్స్, టైర్ ప్రెషర్ గేజ్, గాలి కొట్టే పంపు వెంట ఉంటే బయల్దేరొచ్చు.